ఖాళీల లెక్క

కుక్కుటేశ్వరరావు మాస్టారు కళ్ళు మూసుకుని కూడా పని చూడగలరు. ముప్ఫై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. ఏ మిషను మీద కూర్చున్నవాళ్ళు నిమిషానికి ఎన్ని మాటలు కొడుతున్నారో వెనక్కి తిరక్కుండానే చెప్పేవారు. దానికి ఆయన పట్టుకున్న గుర్తు స్పేస్ బారు ఒక్కటే. మాటకీ మాటకీ మధ్య బొటనవేలు వేసే ఆ దెబ్బని ఆయన చెవి ఏరుకుని లెక్కపెట్టుకునేది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. దానవాయిపేటలో అదే మేడమీద ఇన్‌స్టిట్యూట్ బోర్డు తీసేసి డేటా సెంటర్ బోర్డు పెట్టారు. చెవి మాత్రం పాతదే.

రెండువేల నాలుగు ఏప్రిల్లో ఆ మేడమీద అయిదు కంప్యూటర్లు ఉండేవి. చెన్నైలో ఒక కంపెనీ యంత్రాల మాన్యువళ్ళు పంపేది. డీజిల్ ఇంజన్లు, నీటి పంపులు, పిండి మరలు. వాటిని ఎలా బిగించాలో, ఎప్పుడు నూనె మార్చాలో చెప్పే పుస్తకాలు. సగం ఇంగ్లీషు, సగం చైనా భాష. ఇంగ్లీషు పేజీలు నలుగురు కొట్టేవారు. వాళ్ళ బొటనవేళ్ళు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా టకటకలాడుతూనే ఉండేవి. కిటికీ పక్కనున్న అయిదో మిషను దగ్గర్నుంచి చప్పుడే వచ్చేది కాదు. అక్కడ రత్నమాణిక్యం కూర్చునేది.

ఆవిడకి నలభై నాలుగేళ్ళు. పదహారో ఏటి నుంచి ఇన్నీసుపేటలో ఒక ప్రెస్సులో సీసం అక్షరాలు కూర్చింది. ప్రెస్సు మూతపడింది, అక్షరాలు తూకానికి పోయాయి. రెండేళ్ళు ఖాళీగా కూర్చున్నాక ఈ పని దొరికింది. చైనా పేజీలు మరెవరూ ముట్టుకోలేదు కాబట్టి దొరికింది. స్కానర్ చదివిన అక్షరాలు తెర మీద కుడివైపు ఉంటాయి, అసలు పేజీ బొమ్మ ఎడమవైపు ఉంటుంది. ఒక్కో అక్షరం పోల్చి చూడాలి. తప్పు కనబడితే మౌసుతో ఒక గడిలో ఆ అక్షరం గీతలు గీయాలి. గీసినదానిలాంటివి ఓ డజను పక్కన వరసగా వస్తాయి. వాటిలో సరైనది ఏరి పెట్టాలి. అక్షరాల్ని తలకిందులుగా, అద్దంలో చూసినట్టు చదవడం అలవాటైన కళ్ళకి ఇది కొత్తపనే గానీ వింతపని కాదు. అర్థం తెలియని అక్షరాన్ని కూర్చడం కూడా ఆవిడకి కొత్త కాదు. ప్రెస్సులో సంస్కృతం, ఒరియా కూడా కూర్చింది.

సోమవారం సాయంత్రం మాస్టారు గోడమీద ఆ రోజు లెక్క అంటించారు. లెక్క తీసే ప్రోగ్రాం ఆయన మేనల్లుడు భానుతేజ రాసింది. సూర్యకళ 7,420 మాటలు. గణేష్‌బాబు 7,105. బుల్లిరాజు 6,880. నాగదుర్గ 6,215. అన్నిటికంటే అడుగున, రత్నమాణిక్యం 1,093.

కాగితం అంటించి మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"కరెంటు రోజుకి నాలుగైదుసార్లు పోతోంది. యూపీయస్ నాలుగు మిషన్లకే సరిపోతోంది, అయిదోది వేస్తే అన్నీ ఒకేసారి పడిపోతున్నాయి. అంచేత వచ్చే సోమవారం నుంచి నాలుగే నడుస్తాయి. ఈ అయిదు రోజుల లెక్క కూడి శనివారం పెడతాను. అడుగున ఉన్నవాళ్ళు మానుకోవాలి. నాకు ఎవరిమీదా కోపం లేదమ్మా."

ఎవరూ రత్నమాణిక్యం వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి అందరూ కష్టపడుతున్నారని ఆవిడకి తెలుస్తూనే ఉంది. ఆవిడ మౌసు మీద గుడ్డ కప్పి, కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని మెట్లు దిగింది. భర్త అబ్బులు పాపికొండల లాంచీల్లో వంట చేస్తాడు. గోదారిలో నీళ్ళు తగ్గి లాంచీలు రేవులో కట్టేసి నెలయింది. మళ్ళీ వానలు పడేదాకా ఇల్లు గడవాల్సింది ఈవిడ చేతి మీదే. నలభై నాలుగేళ్ళ మనిషిని కొత్తగా ఎవరు పనిలో పెట్టుకుంటారు? దారి పొడుగునా ఆవిడ బుర్రలో తిరిగింది ఆ ప్రశ్న ఒక్కటే.

మంగళవారం నాగదుర్గ తన కుర్చీ కొంచెం కిటికీ వైపు జరుపుకుని కూర్చుంది. ఇరవై ఆరేళ్ళుంటాయి. ధవళేశ్వరం నుంచి బస్సులో వస్తుంది. మిగతావాళ్ళకంటే వేళ్ళు కాస్త నెమ్మది, ఎందుకంటే కొడుతున్నదాన్ని చదువుతుంది. చదవకుండా కొట్టమని మాస్టారు చాలాసార్లు చెప్పారు. అది ఆమెకి చేతకాలేదు.

రత్నమాణిక్యం అక్షరాలకి పేర్లు పెట్టుకుంది. నాలుగు గళ్ళ పెట్టె కిటికీ. నిలువుగా అడ్డగీతలున్నది నిచ్చెన. మూడు నిలువుగీతలు లేచి నిలబడినది నామాలు. గీస్తున్నంతసేపూ పెదాలు కదుపుతుంది.

"కిటికీ మీద కొమ్ము, పక్కన మూడు చుక్కలు," అంది ఆ పొద్దున.

నాగదుర్గ తల తిప్పి చూసింది. "ఆ మూడు చుక్కలది మళ్ళీ వచ్చిందాండీ?"

"ఈ పేజీలో తొమ్మిదిసార్లు వచ్చిందమ్మా."

"దాని పక్కన ఇంగ్లీషులో ఏముందో చూశారా? ఇక్కడ ఆయిల్ ఉంది. నిన్నటి పేజీలో వాటర్ ఉంది. మూడు చుక్కలున్న చోటల్లా నీళ్ళో నూనో ఉంటోందండీ."

రత్నమాణిక్యం కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసింది. ఆర్నెల్లుగా వందలసార్లు గీసిన చుక్కలు అవి. అవి నీటిచుక్కలని తట్టలేదు. ఆవిడకి ఇంగ్లీషు అక్షరాలు వచ్చుగానీ మాటలు కొన్నే వచ్చు. నవ్వొచ్చింది. ఆ వారంలో నవ్వడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం బుల్లిరాజు టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు. మంచి మనసున్నవాడే, సలహా ఇవ్వకుండా ఉండలేడు.

"మాణిక్యమ్మగారండీ, ఓ మాట చెప్పనా? అక్షరానికో స్పేసు కొట్టేయండి. లెక్క దానంతటదే లేస్తుంది. చెన్నైవాళ్ళకి మాత్రం చైనా భాష వచ్చేంటండీ?"

అతను వెళ్ళాక ఆవిడ ఒక వరస మీద ప్రయత్నించి చూసింది. ముప్ఫై రెండు అక్షరాల వరస. ముందు భానుతేజ ప్రోగ్రాంలో పెడితే లెక్క ఒకటి చూపించింది. అక్షరం తర్వాత అక్షరం మధ్యలో స్పేసు కొట్టి మళ్ళీ పెడితే ముప్ఫై రెండు చూపించింది. కానీ తెర మీద ఆ వరస పొడుగు సాగి అంచు దాటి కిందికి విరిగింది. పళ్ళూడిన నోరులా ఉంది. ప్రెస్సులో ఇలా కూర్చి ఇస్తే ఫోర్‌మన్ వీరబ్రహ్మం, అక్షరాలు పేర్చే స్టిక్కులోని సీసం అంతా తిరిగి గళ్ళలోకి ఒంపించేవాడు. ఆవిడ ఒక్కొక్క స్పేసూ చెరిపేసింది. ముప్ఫై ఒక్కసార్లు వేలు నొక్కాల్సి వచ్చింది.

చెరుపుతుండగా విషయం అర్థమైంది. చైనావాళ్ళు మాటకీ మాటకీ మధ్య చోటు వదలరు. ఈ ప్రోగ్రాం అక్షరాల్ని లెక్కపెట్టడం లేదు, ఖాళీల్ని లెక్కపెడుతోంది. తన పనిలో ఖాళీలు లేవు కాబట్టి తన పని లేనట్టే.

బుధవారం ఆ మాటే భానుతేజని అడిగింది. అతను తల గోక్కున్నాడు.

"నిజమేనండి. మామయ్య స్పేసులు లెక్కపెట్టమన్నాడు, నేను అలాగే రాశాను. మార్చడం పెద్ద పనేం కాదుగానీ, ఆయన చెప్పకుండా ముట్టుకుంటే ఊరుకోడండీ."

మాస్టారు గదిలో ఫ్యాను కింద కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆవిడ చెప్పినదంతా విన్నారు. మర్యాద తక్కువ మనిషి కాదు.

"అమ్మా, నువ్వు పని చెయ్యట్లేదని నేననను. కానీ నలుగురి పనీ నాకు ఇక్కడికి వినపడుతుంది. నీది వినపడదు. మిషను కూడా అదే చెబుతోంది. నా చెవీ మిషనూ ఒకే మాట చెబుతుంటే నేనేం చెయ్యను చెప్పు?"

మిషనుకి ఆ మాట నేర్పింది ఆయన చెవేనని అనాలనిపించింది ఆవిడకి. అనలేదు. అలవాటు లేక అనలేదు.

భోజనాల దగ్గర నాగదుర్గకి చెప్పింది. నాగదుర్గ క్యారేజీ మూత పెట్టేసి, చేతులు కడుక్కుని, బీరువా మీదున్న పాత ఫైలు దింపింది. పని మొదలైనప్పుడు చెన్నైవాళ్ళు పంపిన షరతుల కాగితాలు అవి. ఆరు పేజీల ఇంగ్లీషు. మాస్టారు మొదటి పేజీ చదివి సంతకం చేసి ఉంటారు. రెండో పేజీ నుంచి కాగితాలు ఇంకా పెళపెళలాడుతూనే ఉన్నాయి.

నాలుగో పేజీలో నాగదుర్గ వేలు ఆగింది.

"ఇదిగోండీ. ఇంగ్లీషులో ఒక మాటని ఒకటిగా లెక్కపెట్టాలి. చైనా భాషలో ఒక్కో అక్షరాన్నీ ఒక మాటగా లెక్కపెట్టాలి. రెండూ కలిసున్న పేజీలో రెండు లెక్కలూ విడివిడిగా వేసి కూడాలి. ఇక్కడే రాసుంది."

"ఒక్కో అక్షరాన్నీనా?"

"ఆయ్. ఒక్కో అక్షరాన్నీ."

రత్నమాణిక్యం ఆ వాక్యం మీద చెయ్యి పెట్టింది. చదవడం రాకపోయినా అది అక్కడ ఉందని తాకి చూసుకోవాలనిపించింది.

గురువారం ఇద్దరూ లెక్కకి కూర్చున్నారు. మాస్టారి దగ్గరికి మాటలతో వెళితే లాభం లేదని రత్నమాణిక్యానికి తెలుసు, అంకెలతో వెళ్ళాలి. వేలకొద్దీ అక్షరాలు ఒక్కొక్కటీ ఎలా లెక్కపెడతామని నాగదుర్గ బెంగపెట్టుకుంది. అంత అక్కర్లేదంది ఆవిడ. చైనా అక్షరం ఎన్ని గీతలున్నదైనా ఒకే కొలత చదరంలో కూర్చుంటుంది. సన్నదీ లావుదీ లేదు. అందుకని ఒక అట్టముక్క చీల్చి, అచ్చు తీసిన పేజీ మీద పెట్టి, అయిదు అక్షరాలకో గీటు చొప్పున గుర్తులు పెట్టింది. ప్రెస్సులో వరస కొలిచే బద్దకి తమ్ముడులాంటిది. అట్ట వరసకి ఆనిస్తే చాలు, నిండు వరసలో ముప్ఫై రెండు, సగం వరసలో ఎన్నో గీటు చెబుతుంది. మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటల్ని నాగదుర్గ వేరుగా లెక్కపెట్టింది.

"నిండు వరసలు పది. మిగిలినవి ముక్కవరసలు, పద్దెనిమిది, ఏడు, ఇరవై మూడు," అని రత్నమాణిక్యం చదివేది. నాగదుర్గ నోటుబుక్కులో రాసేది. భోజనాల గంట అంతా అలాగే అయింది. ఆరు దాటాక ఇంకో గంట కూర్చున్నారు. నాగదుర్గ తన పేజీలు వదిలేసి మధ్యాహ్నం కూడా కాసేపు సాయం చేసింది. ఆ రోజు ఆమె లెక్క ఆరువేలు కూడా దాటలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక రత్నమాణిక్యం చదవడం నెమ్మదించింది. ఆ వేళకి కళ్ళలో నీళ్ళు ఊరతాయి, వరసలు ఒకదాని మీదికొకటి జరుగుతాయి. పొద్దున గంటకి మూడు పేజీలు చూసే మనిషి మధ్యాహ్నం రెండు చూడలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెబితే అదొక వంక అవుతుందని. ఆ రోజు నాగదుర్గే అట్ట అందుకుని, "మీరు కళ్ళు మూసుకోండి, నేను చదువుతా," అంది.

ఆఖర్న కూడితే సోమవారం పని 7,164 వచ్చింది. గోడమీది కాగితంలో అదే రోజుకి 1,093 ఉంది.

"ప్రెస్సులో పెద్ద ఫారం, అంటే పేజీలన్నీ కలిపి బిగించే చట్రం వస్తే, ఇద్దరం కట్టేవాళ్ళం," అంది రత్నమాణిక్యం. ఆ అంకె చూశాక ఆవిడ గొంతులోకి ప్రాణం వచ్చింది. "అప్పుడు పనిపుస్తకంలో ఒకే వరసలో రెండు పేర్లూ రాసేవాళ్ళు. ఈ లెక్క కింద నీ పేరు కూడా రాయనా?"

నాగదుర్గ పెన్సిలు చెక్కుకుంటోంది.

"వద్దులెండి. నా పేరు వేరేగా ఉందిగా," అంది.

శుక్రవారం పొద్దున రత్నమాణిక్యం సంచిలో ఒక స్టిక్కు తెచ్చింది. ప్రెస్సు మూసేసిన రోజున ఓనరు ఎవరికి కావలసింది వాళ్ళని తీసుకోమంటే ఆవిడ తెచ్చుకున్నది అది, జానెడు ఇనప పట్టె. దాంట్లో కూర్చిన ఒక వరస సీసం అక్షరాలు కూడా ఉన్నాయి. ఏదో పెళ్ళి శుభలేఖలోది. మాస్టారి బల్ల మీద పేపరు పరిచి స్టిక్కు పెట్టింది. వెనకాలే నాగదుర్గ ఫైలు పట్టుకుని నిలబడింది.

"ఏంటమ్మా ఇది?"

"ఒక వరసండీ. నలభై ఒక్క ముక్కలు. ప్రెస్సులో ఖాళీ కూడా సీసం ముక్కేనండి, అది కూడా చేత్తో తీసి పెట్టాల్సిందే. అచ్చులో పడదంతే." ఆవిడ గోటితో నాలుగు పొట్టిముక్కలు పైకి లాగి మాస్టారి అరచేతిలో పెట్టింది. "ఇవీ ఖాళీలు. మీ ప్రోగ్రాం లెక్కపెడుతున్నది వీటినండీ. నేను చేసే పని ఇదిగో, ఇంకా స్టిక్కులోనే ఉంది."

మాస్టారు అరచేతిలో ముక్కల్ని చూసుకున్నారు. తర్వాత స్టిక్కు చూశారు.

"చదవమ్మా," అంది రత్నమాణిక్యం వెనక్కి తిరిగి.

నాగదుర్గ నాలుగో పేజీ తీసి చదివింది. ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పింది. గొంతు స్పష్టంగానే ఉంది. రెండో వాక్యం దగ్గర మాత్రం ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది. మాస్టారు కాగితం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని తనే మళ్ళీ చదువుకున్నారు. ముప్ఫై ఏళ్ళపాటు టైపు పరీక్షలకి పిల్లల్ని పంపిన మనిషి. పరీక్షలో రూలంటే ఆయనకి దేవుడి తర్వాత దేవుడు.

"రూలు రూలే," అన్నారు చివరికి. "ఒరేయ్ తేజా! సోమవారం నుంచీ అందరి ఫైళ్ళూ మళ్ళీ లెక్కపెట్టు. ఈ కాగితంలో ఉన్నట్టు."

"పావుగంట పని మామయ్యా," అన్నాడు భానుతేజ అవతల్నుంచి.

నాలుగు రోజులుగా రత్నమాణిక్యానికి అన్నం సయించకుండా చేసిన తప్పు దిద్దడానికి పావుగంట కూడా పట్టలేదు. ఆవిడ నాలుగు ఖాళీలూ మాస్టారి చేతిలోంచి తీసుకుని, స్టిక్కులో ఎక్కడివి అక్కడ పెట్టుకుంది.

శనివారం ఒంటిగంటకి కాగితం పెట్టారు. సూర్యకళ 36,940. రత్నమాణిక్యం 35,480. ఆవిడ అక్కడితో చదవడం ఆపేసింది. తన పేరు రెండో వరసలో ఉంది. ఆ అంకె మొదట్నుంచి చివరిదాకా, మళ్ళీ మొదట్నుంచీ చూసుకుంది. సూర్యకళ చెయ్యి పట్టుకుని ఊపింది. బుల్లిరాజు, "నేను చెప్పానా లెక్క లేస్తుందని!" అన్నాడు, తనేం చెప్పాడో మర్చిపోయి. ఆవిడ నిండుగా నవ్వింది. అబ్బులికి చెప్పాలి, ఇంటికి వెళ్తూ మిఠాయి కొనాలి అనుకుంది. అలా ఓ అయిదు నిమిషాలు సంతోషపడ్డాక గదిలో ఏదో తక్కువైనట్టు అనిపించింది.

నాగదుర్గ కుర్చీ మీద దిండు లేదు. నడుం నొప్పికి ఇంటినుంచి తెచ్చుకున్న చిన్న పువ్వుల దిండు అది.

అప్పుడు కాగితం అడుగుకి చూసింది. గణేష్‌బాబు 35,110. బుల్లిరాజు 34,260. నాగదుర్గ 31,020.

"చెప్పి వెళ్ళింది," అన్నారు మాస్టారు. ఆయనకీ బాగున్నట్టు లేదు. "మంచి పిల్లే. చదువుతూ కొడుతుంది, అదొక్కటే దోషం."

నోటుబుక్కు రత్నమాణిక్యం బల్లమీదే ఉంది. ఏం చెయ్యాలో తోచక తెరిచింది. గురువారం రాసిన లెక్కలు, వరసలు, ముక్కవరసలు, కూడికలు. పేజీలు తిప్పుతూ పోతే అట్టకి ఆనుకుని ఉన్న ఆఖరి పేజీలో పెన్సిలుతో, సన్నటి అక్షరాల్లో అయిదు పేర్లు కనపడ్డాయి. ఒక్కొక్కరికీ మూడు రోజుల లెక్క వేసి, శుక్రవారానికి ఎంతవుతుందో అంచనా కట్టి ఉంది. రత్నమాణిక్యం పేరు దగ్గర పాత అంకె కొట్టేసి కొత్త లెక్క ప్రకారం ముప్ఫై అయిదు వేలు రాసి ఉంది. అడుగున నాగదుర్గ, ముప్ఫై ఒక్క వేలు. దాని కింద ఒక గీత. పైన తేదీ గురువారానిది.

రత్నమాణిక్యానికి సిగ్గేసింది. రెండో వరసలో పేరు చూసుకుని ఆగిపోయిన తన కళ్ళని తలుచుకుంటే సిగ్గేసింది. ఈ పిల్ల గురువారం ఇది రాసుకుంది, శుక్రవారం పొద్దున తన వెనక నిలబడి నాలుగో పేజీ చదివింది.

నోటుబుక్కు పట్టుకుని మెట్లు దిగింది. ఎండ మాడిపోతోంది. రిక్షా మాట్లాడుకుని కోటిపల్లి బస్టాండుకి వెళ్ళింది. ధవళేశ్వరం బస్సు ఇంకా రాలేదు. నాగదుర్గ దిండు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది.

"తెలిసే చదివావా?" అంది రత్నమాణిక్యం, రొప్పుతూ.

నాగదుర్గ నోటుబుక్కు చూసి తల దించుకుంది. "ఆ పేజీ చింపేద్దామనుకుని మర్చిపోయానండీ."

"ముందే చెప్పొచ్చు కదమ్మా."

"చెబితే మీరు ఆ లెక్క ఆపేద్దురండీ. ఒకవేళ ఆపకపోతే, మీమీద నాకు కోపం వచ్చేది. రెండూ ఎందుకని చెప్పలేదు." దిండు అంచు దారం పీకుతోంది. "లెక్క తప్పని తెలిశాక తెలియనట్టు ఎలా కొడతానండీ? నాకు చదవకుండా కొట్టడం రాదు కదా."

బెంచీ మీద చోటుంటే రత్నమాణిక్యం కూర్చుంది. జామకాయల బుట్టతో ఒకావిడ పక్కకి జరిగింది.

"ఇప్పుడేం చేస్తావు?"

"ఏం చేస్తానండీ, ఇంట్లో ఉంటాను. మా ఇంట్లో పొద్దున్నే చీర మార్చుకుని గుమ్మం దాటడానికి నాకున్న కారణం ఇదొక్కటే. మా అత్తగారు రేపట్నుంచి సంతోషంగా ఉంటారులెండి."

ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. రత్నమాణిక్యం చాలాసేపు రోడ్డు వైపు చూసింది. అబ్బులు గుర్తొచ్చాడు, రేవులో కట్టేసిన లాంచీ గుర్తొచ్చింది, ఇంట్లో బియ్యం డబ్బా గుర్తొచ్చింది. అన్నీ గుర్తొచ్చాకే నోరు తెరిచింది.

"మధ్యాహ్నం రెండు దాటితే నాకు కళ్ళు కనపడవు, దుర్గా. ఆ రోజు నువ్వే చూశావుగా. ఉండేవి నాలుగు మిషన్లు. నాలుగే మనుషులని ఎవరన్నారు? నేను పొద్దున ఏడింటికి వస్తాను. ఒంటిగంటకి లేస్తాను. నువ్వొచ్చి కూర్చో, ఏడింటి దాకా."

"చైనా పేజీలు నాకెలా వస్తాయండీ?"

"పేర్లన్నీ నీకు తెలుసు. మూడు చుక్కలంటే ఏంటో నువ్వేగా చెప్పావు నాకు."

"మీ జీతంలో సగం పోతుంది కదండీ."

"సగం పోదు. మిషను తొమ్మిది గంటల బదులు పన్నెండు నడుస్తుంది. కొంచెం పోతుంది."

నాగదుర్గ ఆవిడ ముఖంలోకి సూటిగా చూసింది. "నామీద జాలిపడి అంటున్నారాండీ?"

"కాస్త ఉంది," అంది రత్నమాణిక్యం. "కానీ కళ్ళ మాట అబద్ధం కాదు."

బస్సు వచ్చింది. నాగదుర్గ ఎక్కబోతూ చంకలోని దిండు ఆవిడ చేతికిచ్చింది. సోమవారం కుర్చీలో వెయ్యమంది.

సోమవారం ఏడింటికి మాస్టారు తాళం తీసేసరికి రత్నమాణిక్యం మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలికి వెళ్ళి హాజరుపట్టీలో తన వరసలో రెండు పేర్లు రాసింది.

"రెండు పేర్లేంటమ్మా?"

"ఒకే ఫారం, ఇద్దరం కడుతున్నామండి," అని సంగతి చెప్పింది. మాస్టారు నుదురు చిట్లించారు. ఆవిడ ఈసారి ఆగలేదు. "మీ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్కో మిషను మీద గంటకో బ్యాచి కూర్చునేవారు కదండీ. ఒక మిషనుకి ఒక్కరేనని అప్పుడు అనలేదుగా."

మాస్టారు గోడకి ఇంకా వేలాడుతున్న పాత బ్యాచీల పట్టిక వైపు చూశారు. ఒక మిషనుకి పదకొండు పేర్లున్న పట్టిక అది.

"యూపీయస్‌కి మనుషులతో పనేముంది," అని గొణుక్కుని లోపలికి వెళ్ళిపోయారు.

భానుతేజకి మాత్రం ఒక చిక్కొచ్చింది. ప్రోగ్రాంలో పేరుకి ఒకటే గడి ఉంది. రెండు పేర్లు కొట్టి మధ్యలో స్పేసు పెడితే రెండో పేరుని వదిలేస్తోంది. రెండుమూడుసార్లు ప్రయత్నించి విసుగొచ్చి, ఖాళీ తీసేసి రెండూ కలిపి కొట్టేశాడు. ప్రోగ్రాం దాన్ని ఒక్క పేరుగా ఒప్పుకుంది.

మంగళవారం పొద్దున రత్నమాణిక్యం వచ్చేసరికి ముందురోజు కాగితం గోడమీద ఉంది. నాలుగు వరసలు. మూడు పేర్ల కింద, ఎడం లేకుండా, అంచుదాకా సాగిన ఒకటి: రత్నమాణిక్యంనాగదుర్గ, 6,012. అన్నిటికంటే అడుగున అదే ఉంది. ఆవిడ ఈసారి మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా అన్నీ చదివింది.

కుర్చీలో దిండు ఉంది. తెర అంచుకి ఒక చీటీ అంటించి ఉంది. పెన్సిలుతో, సన్నటి అక్షరాలు.

"కిటికీ కింద కాళ్ళున్నది పదకొండుసార్లు వచ్చిందండీ. పదో పేజీలో ఒకచోట అనుమానంగా ఉంది. పొద్దున్న మీ కళ్ళతో చూడండి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మిషను ఆన్ చేసింది.